పందిరిలంక లంగరు

మా పందిరిలంకకు లంగరు రావడానికి కారణం పక్కనున్న కేదారిలంక. వాళ్ల రేవుకు ప్రభుత్వం వారు లంగరు ఇచ్చారని సంతలో తెలిసింది. నిజానికి మాకు లంగరుతో పనిలేదు. మా రేవులో పడవ నడిపే మల్లాడి అప్పన్న గాని, వాళ్ల నాన్న గాని లంగరన్నది వాడి ఎరగరు. పడవ ఆపాలంటే గెడను బురదలోకి గుచ్చి దానికి తాడు చుట్టేస్తారు. అంతే.

పనిలేదు గదా అని ఊరుకుంటే అది పందిరిలంక ఎందుకవుతుంది? కేదారిలంకకు ఉన్నది మాకు లేకపోవడమనే సంగతి మేము తరతరాలుగా ఓర్చుకోలేం. వాళ్లు రామాలయానికి మైకు పెడితే మేము రెండు పెట్టాం. వాళ్ల బడికి గంట వస్తే మేము అంతకంటే పెద్ద గంట తెచ్చాం. దాని బరువుకు దూలం వంగింది. ఇప్పుడు ఆ గంటను నేలమీద పెట్టి కొడుతున్నారు.

అందుచేత జలయాన భద్రతా విభాగం వారికి అర్జీ పెట్టుకున్నాం. రాసింది నేనే. ఏడో తరగతి దాకా చదివి కూడా లంక దాటకుండా ఉండిపోయినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే కాబట్టి రాత పనులు నాకే వస్తాయి. అందరూ చెప్పినవన్నీ రాశాక, చివర్న నా సొంత తెలివితో ఒక వాక్యం చేర్చాను: ‘కేదారిలంకకు ఇచ్చినదానికన్న పెద్దది ఇప్పించ ప్రార్థన.’ ఆ వాక్యం చదివి వినిపిస్తే ఊరు ఊరంతా మెచ్చుకుంది. నా జీవితంలో నన్ను ఊరంతా కలిసి మెచ్చుకున్న సందర్భం అదొక్కటే.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా చుట్టూ గోదావరి. ఉన్నది ఒక్కటే పడవ, అది అప్పన్నది. మా బతుకు తమలపాకు తోటల మీద. పొద్దెక్కకముందు అవతలి గట్టు చేరితే అది ఆకు. మధ్యాహ్నానికి చేరితే పశువు కూడా ముట్టదు. ఆ పడవ లేకపోతే అప్పన్నకు కూడు లేదు, మాకు దారి లేదు. పడవ పాతదే. వాళ్ల నాన్న దగ్గరుండి చేయించుకున్నది. ముందువైపు ఏనుగు తొండంలా పైకి లేచే దుంగ ఒకటి ఉంటుంది, దాన్ని కొమ్మంటాం. శుక్రవారం శుక్రవారం అప్పన్న తల్లి ఆ కొమ్ముకు పసుపు రాసి బొట్టు పెట్టేది. ఆవిడ పోయాక అప్పన్న పెడుతున్నాడు.

అర్జీ పెట్టిన కొన్నాళ్లకు ఉపసంచాలకులు త్రిలోచనరావు గారు స్వయంగా వచ్చారు. వెనక లంగరు వచ్చింది. సముద్రంలో ఓడకు వేసేది. అవతలి గట్టున లారీలోంచి దించి పడవలోకి ఎక్కించడానికి మనుషులు చాలక, సంతకు వచ్చినవాళ్లను కూడా పిలవాల్సి వచ్చింది. దాన్ని చూడగానే నాకు గుండె నిండిపోయింది. కేదారిలంక వాళ్లది దీని పక్కన పెడితే గాలపు ముల్లు.

బడి ముందు సభ పెట్టారు. త్రిలోచనరావు గారు మెడలో దండతో లేచి నిలబడ్డారు.

“సోదరులారా, యాంకర్! ఈ ఒక్క ఇంగ్లీషు పదంలో మానవ నాగరికత యావత్తూ ఇమిడి ఉన్నది. సదరు పదము ఓడవాళ్లది. కాని నేడు చూడండి. టీవీలో కార్యక్రమాన్ని నిలబెట్టే అమ్మాయిని ఏమంటున్నాం? యాంకర్. క్రికెట్టులో వికెట్లు పడుతుంటే ఒక పక్కన నిలబడి ఆడేవాణ్ణి? యాంకర్. పెద్ద పెద్ద కంపెనీల్లో ముందుగా పెట్టుబడి పెట్టి ధైర్యం చెప్పేవాడు? యాంకర్. కుటుంబానికి ఇల్లాలు యాంకర్. అనగా ఏమని తేలుతున్నది? కదలనిదే ఘనమైనది.”

అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత కొన్నాళ్లపాటు మా ఊళ్లో ఆ మాట పట్టుకున్న జ్వరం ఇంతా అంతా కాదు. సర్పంచి గారు తాను ఊరికి యాంకర్నన్నారు. మాస్టారు బడికి తానన్నారు. కల్లు పాక అబ్బులు సాయంత్రాలకు తానే యాంకర్నన్నాడు. అతనితో ఎవరికీ పేచీ లేకపోయింది.

సభ చివర్న, లంగరుకు ఒక రక్షకుడు కావాలన్నారు. బాధ్యత గలవాడు, మితభాషి, స్థిరచిత్తుడు అయి ఉండాలన్నారు. మా లంకలో ఎవరు ముందు మాట్లాడితే పని వాళ్ల నెత్తిన పడుతుంది కనక అందరూ నోరు మూసుకున్నారు. నేను ఎప్పుడూ మూసుకునే ఉంటాను. సర్పంచి గారు నావైపు చూపించి, “ఈయనండి, తాతబ్బాయి. పలకరిస్తే గాని పలకడు. ఒక్కోసారి పలకరించినా పలకడు” అన్నారు. నా నెత్తిన ఆకుపచ్చ టోపీ పెట్టారు. మెడలో ఈల వేశారు.

ఇంటికి వెళ్తే మా ఆవిడ సత్తెవతి గడపలోనే ఆపి కిందా మీదా చూసింది.

“ఏటయ్యా ఇది?”

“యాంకర్ రక్షకుణ్ణి.”

“టీవీలో యాంకరు ఒక్క నిమిసం నోరు ముయ్యదు. నువ్వు తెరవ్వు. మీ ఇద్దరికీ ఎలా కుదిరిందో మరి.”

టోపీ తియ్యకుండానే అన్నం తిన్నాను. బాగుందని ఆవిడ అనలేదు. నాకు మాత్రం బాగానే ఉంది.

మొదట వచ్చిన నియమం సులువైనదే. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ లంగరు నీళ్లలో ఉండాలి. వెయ్యడం సులువే. తియ్యడమే కష్టం. మా గోదావరి అడుగున ఇసకా ఒండూ కలిసి ఉంటాయి. ఇనప వస్తువు పడితే అమ్మమ్మ ఇంటికొచ్చిన పిల్లాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. ప్రయాణికులందరూ కలిసి లాగితే గాని వచ్చేది కాదు. లాగిన లంగరు పడవలో సగం ఆక్రమించేది. ఎక్కినవాళ్లలో సగం మంది దిగిపోవాలి. దిగినవాళ్లు లేకుండా లాగలేం కాబట్టి మళ్లీ ఎక్కాలి. మా ఆకు అవతలి గట్టుకు చేరేసరికి కొనేవాళ్లు ఇళ్లకు వెళ్లి భోజనాలు చేస్తుండేవారు.

“ఇదేం గోల బాబాయ్,” అన్నాడు అప్పన్న. “నేను మనుషుల్ని దాటిత్తన్నానా, దీన్ని ఊరేగిత్తన్నానా?”

“కేదారిలంక వాళ్లది చిన్నదిరా,” అన్నాను.

“చిన్నదైతే?”

 ఈల ఊదాను.

నెల తిరక్కుండా సమీక్షా సమావేశం అన్నారు. త్రిలోచనరావు గారు ఒక పెద్ద బొమ్మ తెచ్చి బడి గోడకు తగిలించారు. అందులో పడవలు మునుగుతున్నాయి. కర్రతో ఒక్కో పడవనూ చూపిస్తూ అడిగారు.

“ఈ పడవ ప్రమాద సమయమున ఏ స్థితిలో ఉన్నది?”

“కదుల్తోందండి,” అన్నారు జనం.

“ఇది?”

“ఇదీ కదుల్తోందండి.”

“అదియున్నూ కదులుతూనే ఉన్నది. గమనించారా? సమస్త ప్రమాదములూ కదిలే పడవలకే సంభవిస్తున్నవి. కావున మా విభాగము శాస్త్రీయంగా ఒక నిర్ణయానికి వచ్చినది. ప్రయాణికులు పడవలో ఉన్నంతసేపూ లంగరు నీటిలోనే ఉండవలెను.”

అప్పన్న లేచాడు. “మరి అవతలికెలా వెళ్తామండి?”

“అప్పన్న గారూ, మీ సమస్య రవాణాకు సంబంధించినది. మాది భద్రతా విభాగము.”

ఆ మాట ఎంత సబబుగా ఉందంటే సర్పంచి గారు కూడా తలూపారు. ఎవరి శాఖ వాళ్లది. మంగలిని పట్టుకుని పంచె ఉతకమంటే ఉతుకుతాడా?

గొలుసు పొడవు కూడా ఆయనే నిర్ణయించారు. అప్పటి నీటి లోతుకు సరిపడా, ఆపైన ఒక మూర. “గొలుసు పెరిగినకొద్దీ పడవకు స్వేచ్ఛ పెరుగుతుంది. స్వేచ్ఛయే ప్రమాదమునకు మూలము” అన్నారు. ఆయన్ని అవతల దించి వచ్చాక, గొలుసు ఒక కొసను లంగరుకు బిగించి, రెండో కొసను పడవ కొమ్ముకు చుట్టి తాళం వేశాం. ఆ తాళానికి రెండు చెవులు. రెండూ ఒకేసారి పెడితే గాని తెరుచుకోదు. ఒకటి అవతలి గట్టు మీద ఆఫీసులో. రెండోది నా మొలతాడుకు. దాన్ని కట్టుకున్న రోజున నేను నడిచిన నడక గురించి సత్తెవతి ఇప్పటికీ పదిమందిలో అభినయించి చూపిస్తుంది.

అలా మా రేవు సురక్షితమైంది. జనం వచ్చి బల్లమీదుగా పడవెక్కేవారు. కూర్చునేవారు. నేను ఈల ఊది, లంగరు యొక్క ఆవశ్యకత మీద ఆఫీసువారు రాసిచ్చిన నాలుగు ముక్కలు చదివేవాణ్ణి. తర్వాత అదే బల్లమీదుగా అదే గట్టుకు దిగేవారు. కొందరు ముసలివాళ్లకు ఈ పద్ధతి బాగా నచ్చింది. నీడా గాలీ ఉన్నాయి, ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ప్రమాదాలు సున్నా. ఫొటో తీసుకుని పేపర్లో వేశారు. అందులో నా టోపీ స్పష్టంగా పడింది. మొహం పడలేదు.

ఆకు మాత్రం ఆగదు. అరటి బోదెలు మూడు నాలుగు కలిపి, వెదురు పుల్లలు గుచ్చి, తెప్ప కట్టి దాని మీద బుట్టలు పెట్టుకుని ఆడవాళ్లు దాటడం మొదలుపెట్టారు. వాళ్లలో సత్తెవతి మొదటిది. తెప్ప మీద మోకాళ్ల దాకా నీళ్లలో మునుగుతూ తేలుతూ ఆవిడ పోతుంటే, గట్టున కదలకుండా ఉన్న పడవకు కాపలాగా నేను నిలబడి చూసేవాణ్ణి.

“ఈల ఊదయ్యా, భయం పోద్ది,” అనేది నీళ్లలోంచి. ఎవరి భయమో చెప్పేది కాదు.

ఆ భయంతోనే ఒకసారి త్రిలోచనరావు గారిని ఫోనులో అడిగాను. తెప్పలమీద దాటుతున్నారండి, మనిషి పోతే ఎలాగండి అన్నాను. ఆయన తిరిగి నన్నే అడిగారు.

“అరటి బోదెకు లంగరు అమర్చు సౌకర్యము కలదా?”

“లేదండి.”

“అట్లయిన అది మా నిర్వచనము ప్రకారం పడవ కాదు. మా పరిధిలోకి రాదు. దానిమీద వారు నిరభ్యంతరంగా వెళ్లవచ్చును.”

నాకు మనసు కుదుటపడినట్టే అనిపించింది. ఇంటికి వెళ్లి చెబితే సత్తెవతి, “అంటే మునిగినా లెక్కలోకి రానన్నమాట” అంది. మళ్లీ కుదుట తప్పింది.

ఆషాఢం వచ్చింది. పైన ఎక్కడో వానలు పడ్డాయి. ఒక ఉదయం లేచి చూస్తే గోదావరి ఎర్రగా ఉంది. ఎర్రనీరు వచ్చిందంటే మామూలుగా అప్పన్న పడవను గట్టుమీదికి లాగి కొబ్బరి చెట్లకు కట్టేసుకుంటాడు. ఈసారి వెళ్లి పడవ పక్కన నిలబడ్డాడు. గొలుసు బిగిసిపోయి ఉంది. నీళ్లు పడవను పైకి లేపుతున్నాయి, లంగరు కొమ్మును కిందికి లాగుతోంది. వెనకభాగం లేచి, పడవ ముందుకు వంగి మొక్కుతున్నట్టుంది.

“బాబాయ్, చెవి,” అన్నాడు.

మొలతాడు నుంచి తీసి ఇచ్చాను. తాళంలో పెట్టి తిప్పాడు. టక్కుమంది. అంతే. తాళం తన సగం గౌరవం ఇచ్చి ఊరుకుంది.

ఆఫీసుకు ఫోను చేశాను. నా జీవితంలో అన్ని మాటలు ఒక్కపూటలో మాట్లాడటం అదే మొదలు.

“సార్, నీళ్లు లేస్తున్నాయండి. పడవ ముక్కు మునుగుతోందండి. మీ దగ్గరున్న చెవి పంపించండి.”

“వరద సమయమున లంగరు తీయమని కోరుతున్నారా? తాతబ్బాయి గారూ, లంగరున్నదే వరద కోసం కదా.”

“ఆయ్, కాని పడవ మునిగిపోద్దండి.”

“కొట్టుకుపోతున్నదా?”

“కొట్టుకుపోవట్లేదండి. మునుగుతోందండి.”

“కొట్టుకుపోవడం లేదు. బాగున్నది. మా విభాగము ఆశించిన ఫలితము అదియే.”

“సార్, అది అప్పన్న అన్నం కుండండి. మా లంకకి ఇంకో దారి లేదండి.”

 ఆయన మనిషి చెడ్డవాడు కాడు. గొంతు తగ్గించి అన్నారు: “మీ మాట కాదనలేకపోతున్నాను. చెవి ఇచ్చుటకు నాకు అభ్యంతరము లేదు. పట్టుకుపోవడానికి మీ రేవునుంచి పడవ పంపండి.”

ఫోను పెట్టేసి పడవ వైపు చూశాను. కొమ్ము మీది పసుపు దగ్గరికి నీళ్లొచ్చాయి. లంకంతా రేవులో ఉంది. సర్పంచి గారు మంత్రి దాకా వెళ్తానన్నారు. మంత్రి కూడా అవతలి గట్టునే ఉంటారు.

సత్తెవతి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో తాటి దూలాలు కోసే పెద్ద రంపం ఉంది.

“గొలుసు ఇనుపది. తెగదే,” అన్నాను.

“గొలుసుని కోయమని ఎవరన్నారు? చెక్కే గదా దాన్ని పట్టుకునుంది,” అని రంపం అప్పన్న ముందు పెట్టింది.

అప్పన్న రంపం వైపు చూశాడు. కొమ్ము వైపు చూశాడు. “పిన్నీ, అమ్మ బొట్టెట్టిందే అది,” అన్నాడు.

“మీ అమ్మ పడవకెట్టింది రా బొట్టు. దుంగకెట్టలేదు.”

వెనకవైపు మోకులు కట్టి గట్టున కొబ్బరి చెట్లకు బిగించాం. అప్పన్న ఛాతీ లోతు నీళ్లలోకి దిగాడు. రెండోవైపు పిడి పట్టుకోవడానికి ఎవరో ఒకరు కావాలి. నేను దిగాను. దిగేముందు టోపీ తీసి గట్టు మీద పెట్టాను, తడుస్తుందని. అంత గొడవలోనూ ఆ ధ్యాస నాకుంది.

తడిసిన పాత టేకు తొందరగా తెగదు. అప్పన్న తలొంచుకుని లాగుతూనే ఉన్నాడు. ఒకచోట పసుపు రంగు పొట్టు నీళ్లమీద తేలింది. అప్పుడు మాత్రం మొహం పక్కకు తిప్పుకున్నాడు. చివరికి ఫెళ్లుమంది. కొమ్మూ గొలుసూ తాళమూ తాళంలో నా చెవీ కలిసి ఒక్కసారిగా నీళ్లలోకి పోయాయి. పడవ ఎగిరినట్టు పైకి లేచి, ముక్కు లేని మొహంతో మా వైపు చూసింది. మోకులు పట్టి అందరం గట్టుమీదికి లాగేశాం.

వరద తీశాక, ఒకరోజు తెల్లవారుతూనే విచారణ వచ్చింది. అవతలినుంచి రావడానికి వేరే దారి లేక త్రిలోచనరావు గారూ ఇంకో ఇద్దరు అధికారులూ అప్పన్న పడవలోనే వచ్చారు. కొమ్ము లేనిచోట అప్పన్న రెండు చెక్కలు అడ్డంగా కొట్టి తారు పూశాడు. అధికారులు ముగ్గురూ మధ్యలో ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. నడిమధ్యలో నేను నా విధి ప్రకారం, “సార్, ప్రయాణికులు ఉన్నారు గదండి, ఆపమంటారా?” అని అడిగాను. ఆయన కళ్లు మూసుకునే, “అప్పన్న గారిని కొంచెం గట్టిగా తొయ్యమనండి,” అన్నారు.

గట్టెక్కాక మళ్లీ అధికారి అయ్యారు.

“లంగరెక్కడ?”

నీళ్లలోకి చూపించాను.

“స్థానము మారినదా?”

“లేదండి. ఒండు మింగేసింది. ఇంక ఎవరూ మార్చలేరు.”

“గొలుసు?”

“దానికే ఉందండి.”

“తాళము?”

“వేసే ఉందండి.”

ఆయన మొహం వెలిగిపోయింది. మిగిలిన ఇద్దరితో గుసగుసలాడి, అక్కడికక్కడే నిర్ణయం చదివారు. లంగరు నిర్దేశిత స్థానమును వీడలేదు. గొలుసు తెగలేదు. తాళము అనధికారికంగా తెరవబడలేదు. పడవే లంగరును విడిచి వెళ్లినది. కావున రక్షకుని విధి నిర్వహణలో లోపము లేదు. పందిరిలంక లంగరు ఉత్తమ లంగరుగా ఎంపిక చేయడమైనది. సదరు రక్షకుడు యథావిధిగా గట్టునుండి దానిని పర్యవేక్షించుచుండవలెను.

“మరి నా పడవండి?” అన్నాడు అప్పన్న. భయంగా అడిగాడు. ఈసారి ఏం తగిలిస్తారో అని.

ఆయన పడవను చుట్టూ తిరిగి చూశారు. గొలుసు తగిలించడానికి చోటు కోసం వెతికారు. లేదు.

“దీనికి లంగరు అమర్చు సౌకర్యము లేదు. కావున ఇది పడవ కాదు. అరటి బోదె తరగతికి చెందిన తేలియాడు వస్తువు. మా పరిధిలోకి రాదు. దీనిమీద మీరు ఏమైనా చేసుకోండి.”

ఆ మాట పూర్తయ్యేలోపు సత్తెవతి ఆకు బుట్ట పట్టుకొచ్చి అందులో పెట్టేసింది. వెనకే ఇంకో బుట్ట వచ్చింది. అధికారులను తిరుగు ప్రయాణంలో బుట్టల మధ్య సర్ది కూర్చోబెట్టాం. పొద్దెక్కకముందే ఆకు గట్టు చేరింది.

కేదారిలంక వాళ్ల పడవ మాత్రం ఇంకా పడవే. చిన్న లంగరు కదా, దాన్ని గోదావరి పూర్తిగా మింగలేదు; నియమాలన్నీ వాళ్లకింకా ఉన్నాయి. ఒకరోజు వాళ్ల పెద్దమనుషులు వచ్చి, మా రంపం ఒక్కపూట ఇమ్మన్నారు. ఇవ్వకూడదని ఊరంతా తీర్మానించింది. సత్తెవతి ఇచ్చేసింది.

నేను రోజూ టోపీ పెట్టుకుని రేవుకు వెళ్తాను. నీళ్ల వైపు చూస్తాను. లంగరు కదల్లేదని తేలాక ఇంటికొస్తాను. మొన్న అలా చూస్తూ ఉండగా అప్పన్న పక్కన కూర్చుని చుట్ట వెలిగించాడు. అడ్డచెక్కల మీద తారు పైన ఒక పసుపు బొట్టుంది. తారు కనక నిలబడట్లేదు, కిందికి కారింది. నాకు మనసొప్పక అన్నాను.

“ఒరే అప్పన్నా, మా తోట వెనక టేకు చెట్టుంది. కొట్టుకుపో. మంచి కొమ్ము పెట్టించుకో.”

అప్పన్న చుట్ట నుసి దులిపాడు.

“వద్దులే బాబాయ్,” అన్నాడు. “కొమ్ము పెడితే మళ్లీ పడవైపోద్ది.”